అమ్మకి వీసా ఎందుకు ఇవ్వలేదు? 214బి కాగితం వెనక ఉన్న లెక్క

అమెరికా కాన్సులేట్ లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. అందుకని ఇంటర్వ్యూ రోజున చాలా కుటుంబాల్లో ఒకరు రెండు ఫోన్లు చేతిలో పెట్టుకుని, నీడ ఎక్కడుందా అని చూసుకుంటూ గేటు బయట నిలబడతారు. లోపలి నుంచి వచ్చేవాళ్ల మొహం కంటే ముందు చేతులు చూస్తారు. పాస్‌పోర్టు కాన్సులేట్ వాళ్లే ఉంచుకున్నారంటే మామూలుగా వీసా వచ్చినట్టే. చేతిలో పాస్‌పోర్టూ, దానితోపాటు అమెరికా చట్టంలోని 214బి సెక్షన్ కింద వీసా ఇవ్వలేదని చెప్పే ఓ కాగితం కనబడ్డాయంటే ఇక అడగక్కర్లేదు.

ఆ కాగితం విశాఖపట్నంలో చాలా ఇళ్ల బీరువాల్లో ఉంది. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, గాజువాక, ఎక్కడ చూసినా అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులే. స్టీల్ ప్లాంటులోనో, పోర్టులోనో, ఏ ప్రభుత్వ స్కూల్లోనో ముప్పయ్యేళ్లు పనిచేసి, ఇల్లు కట్టుకుని, ఎవరికీ బాకీ లేకుండా బతికినవాళ్లు. "అన్నీ ఉన్నాయి కదా, మరి ఎందుకు ఇవ్వలేదు?" అంటే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. ఆ కౌంటర్లో ఉన్న ఆఫీసరు ఎవరికీ ఇవ్వడని ఒకరు, డిపాజిట్లు తక్కువ చూపించారని ఒకరు, ఇక ఐదేళ్ల దాకా అప్లై చెయ్యకూడదని ఇంకొకరు. ఈ మాటల్లో చట్టంలో ఉన్నదెంత, పుట్టుకొచ్చిందెంత అన్నదే ఇక్కడి విషయం.

అమ్మానాన్నలకి ఉన్న ఒకే ఒక్క తలుపు

అమెరికా చూడ్డానికో, బంధువుల ఇంటికో వెళ్లేవాళ్లకి ఇచ్చేది బీ2 వీసా. వ్యాపార పనులకి ఇచ్చేది బీ1. మనవాళ్లకి సాధారణంగా రెండూ కలిపి, పదేళ్ల గడువుతో ఒకే స్టిక్కరుగా ఇస్తారు. పదేళ్లు అనగానే పదేళ్లు అక్కడ ఉండొచ్చని కాదు. ఆ పదేళ్లలో ఎన్నిసార్లయినా విమానం ఎక్కొచ్చని. దిగిన ప్రతిసారీ ఎన్నాళ్లు ఉండొచ్చో విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి నిర్ణయిస్తాడు. దాన్ని ఐ-94 అనే రికార్డులో రాస్తారు. సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు.

అక్కడ ఉద్యోగం చేసేవాళ్లకిచ్చే హెచ్1బీ వీసా మీద ఉన్న అమ్మాయి తన భర్తనీ, 21 ఏళ్లు నిండని పిల్లలనీ హెచ్4 అనే కుటుంబ వీసా మీద తీసుకెళ్లగలదు. తల్లిదండ్రులకి అలాంటి వీసా లేదు. అమ్మాయి అమెరికా పౌరురాలైతే, 21 ఏళ్లు నిండితే, తల్లిదండ్రులకి గ్రీన్‌కార్డు కోసం పిటిషన్ వెయ్యొచ్చు. హెచ్1బీలో ఉన్నంతకాలం ఆ దారీ లేదు. కాబట్టి కూతురి పురిటికి వెళ్లే తల్లి, చట్టం దృష్టిలో, నయాగరా చూడ్డానికి వెళ్లే టూరిస్టు నిలబడే వరసలోనే నిలబడాలి. కూతురు అక్కడ పన్ను కడుతోందనీ, అల్లుడు పెద్ద కంపెనీలో ఉన్నాడనీ ఆ వరసలో ప్రత్యేక హక్కేమీ రాదు. ఈ ఒక్క సంగతి ముందుగా తెలియక మనస్తాపం చెందేవాళ్లే ఎక్కువ.

అనుమానంతో మొదలయ్యే చట్టం

అమెరికా ఇమిగ్రేషన్ అండ్ నేషనాలిటీ యాక్ట్ 1952 నాటిది. అందులోని 214బి సెక్షన్ సారాంశం ఇది: వీసా అడిగే ప్రతి విదేశీయుణ్నీ, అక్కడే స్థిరపడిపోవడానికి వస్తున్నవాడిగానే ముందు అనుకోవాలి. అలా కాదని అధికారికి నమ్మకం కలిగేలా చూపించాల్సిన బాధ్యత వచ్చినవాడిదే.

కోర్టు కేసుల్లో మనకి అలవాటైన పద్ధతికి ఇది తలకిందులు. అక్కడ నేరం రుజువయ్యేదాకా మనిషి నిర్దోషి. ఇక్కడ మీరు తిరిగి వస్తారని తేలేదాకా, రారు అనే అనుకుంటారు. అధికారి మనసులో సగం సగం ఉంటే ఆ సందేహపు లాభం మీ ఖాతాలో పడదు. అందుకే తిరస్కరణ కాగితంలో మీరు ఫలానా తప్పు చేశారని ఉండదు. వీసాకి అర్హులని చూపించలేకపోయారు అనే ఉంటుంది. చదివేవాళ్లకి అది "మీరు అబద్ధం ఆడారు" అన్నట్టు వినిపిస్తుంది గానీ, 214బిలో ఆ ఆరోపణ లేదు.

హెచ్1బీకీ, కంపెనీలు తమ ఉద్యోగుల్ని అమెరికా శాఖకి పంపేటప్పుడు ఇచ్చే ఎల్1 వీసాకీ ఈ నిబంధన వర్తించదు. చట్టమే వాటిని మినహాయించింది. అందుకే "నేను ఇన్నిసార్లు వీసా స్టాంపింగ్‌కి వెళ్లాను, ఎప్పుడూ ఏ ఇబ్బందీ లేదు, అమ్మకి ఎందుకు రాదు?" అని కొడుకు ధీమాగా ఉంటాడు. అతను రాసిన పరీక్షా, వాళ్లమ్మ రాయబోయే పరీక్షా ఒకటి కావు.

కిటికీ దగ్గర రెండు నిమిషాలు: ఒక ఊహించిన ఉదాహరణ

ఎంవీపీ కాలనీలో ఒక కుటుంబం అనుకుందాం. తల్లికి 57. తండ్రికి పోర్టులో ఇంకో పది నెలల సర్వీసు ఉంది. అమ్మాయి డాలస్‌లో, హెచ్1బీ. నవంబరులో డెలివరీ. అబ్బాయి కూడా అక్కడే ఎమ్మెస్ చదువుతున్నాడు. విశాఖలో అమెరికా కాన్సులేట్ లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా మూడింటికీ హైదరాబాదే. తల్లీ తండ్రీ సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున్న దిగుతారు. వేలిముద్రలకి ఒక రోజు, ఇంటర్వ్యూకి ఇంకో రోజు. మధ్యలో మియాపూర్‌లో చుట్టాలింట్లో మకాం. చేతిలో పెద్ద ఫైలు: ప్లాస్టిక్ కవర్లలో ఇంటి దస్తావేజులు, ఈసీ, ఎఫ్‌డీ బాండ్లు, సీఏ ఇచ్చిన నెట్‌వర్త్ సర్టిఫికెట్, అమ్మాయి పంపిన ఇన్విటేషన్ లెటర్.

తెలుగులో మాట్లాడొచ్చు అన్నారు. ఆమె కిటికీ ముందు నిలబడింది.

"ఎందుకు వెళ్తున్నారు?"

"మా అమ్మాయికి డెలివరీ అండి. సాయం చెయ్యడానికి."

"ఎన్నాళ్లు ఉంటారు?"

"ఆరు నెలలండి."

"మీరు ఏం చేస్తుంటారు?"

"ఏమీ చెయ్యనండి. ఇంట్లోనే ఉంటాను."

"మీవారు వస్తున్నారా?"

"ఆయనకి సెలవు దొరకదు. వచ్చే ఏడాది రిటైరవుతారు."

"ఇంకా పిల్లలు?"

"అబ్బాయి కూడా అక్కడే అండి."

పాస్‌పోర్టు వెనక్కి వచ్చింది, కాగితంతో సహా. ఫైలు తెరవలేదు.

ఆమె చెప్పిన ప్రతి మాటా నిజమే. ఇప్పుడు కిటికీ అవతలి నుంచి ఒకసారి విందాం. ఇద్దరు పిల్లలూ అమెరికాలో ఉన్నారు. భర్త ఉద్యోగం త్వరలో అయిపోతుంది. ఆరు నెలలు అంటే సాధారణంగా ఇచ్చే గడువంతా. ఇక్కడ చేసే పని "ఏమీ లేదు". ఇంటికి రమ్మని పిలిచేది ఏమిటన్న ప్రశ్నకి ఈ రెండు నిమిషాల్లో ఒక్క జవాబూ రాలేదు. చట్టం ముందే పెట్టుకున్న అనుమానాన్ని కదిపేది ఏదీ ఆ సంభాషణలో లేదు.

నాకు ఇందులో అన్నిటికంటే బాధ కలిగించేది ఆ "ఏమీ చెయ్యను" అన్న మాట. పొద్దున్న ఐదుకి లేచి, అత్తగారికి బీపీ మాత్రలు వేసి, మేడ మీద వాటాల్లో అద్దెకున్నవాళ్ల కరెంటు బిల్లుల గొడవ తీర్చి, ఇంటిల్లిపాదికీ వండిపెట్టే మనిషి, ఎవరైనా అడిగితే అలాగే చెబుతుంది. మనింట్లో ఆ మాటకి అర్థం ఉద్యోగం లేదని మాత్రమే. అవతల వినేవాళ్లకి మాత్రం ఇక్కడ ఆమెను పట్టి ఉంచేది ఏదీ లేదని వినబడుతుంది.

అలాగని అత్తగారి సంగతి చెప్పి ఉంటే వీసా వచ్చేసేదనీ అనలేం. 84 ఏళ్ల అత్తగారు ఈమె మీదే ఆధారపడి ఉంటే, ఆరు నెలలు ఆవిణ్ని ఎవరికి అప్పజెప్పి వెళ్తున్నట్టు? వెనక్కి లాగే బంధం ఎంత గట్టిదైతే, అంత ఎక్కువ రోజులు వెళ్లడం ఎలా కుదురుతుందన్న ప్రశ్నా అంత గట్టిగానే వస్తుంది. అత్తగారూ, ఎనిమిది వారాలూ కలిస్తే నమ్మేలా ఉంటుంది. అత్తగారూ, ఆరు నెలలూ కలిస్తే అతకదు. ఒక్కో జవాబూ విడిగా మంచిదా చెడ్డదా అని చూసేవాళ్లు ఇక్కడే పొరబడతారు. అధికారి వినేది జవాబులన్నీ కలిసి చెప్పే కథని.

"సాయం చెయ్యడానికి" అన్న మాట మీద కూడా రకరకాల అభిప్రాయాలున్నాయి. మనవణ్ని ఎత్తుకునే అమ్మమ్మ జీతానికి పనిచేస్తున్నట్టు కాదు, అది కుటుంబ సందర్శనే అని చాలామంది లాయర్లు అంటారు. ఆరు నెలల పాటు పిల్లవాణ్ని చూసుకోవడమే ప్రయాణం అసలు ఉద్దేశమైతే, ఆయాకి బదులు వెళ్తున్నట్టు అధికారికి అనిపించవచ్చని మరికొందరి మాట. రెండూ కొట్టిపారేయదగ్గవి కావు. పురిటికి తల్లి వెళ్లకూడదని మాత్రం ఎక్కడా లేదు. 2020 జనవరిలో తెచ్చిన నిబంధన, అక్కడ బిడ్డని కని పౌరసత్వం సంపాదించడమే ముఖ్య ఉద్దేశంగా ప్రయాణించే గర్భిణుల గురించి. దాన్ని తెచ్చి అమ్మమ్మలకి ముడిపెట్టి భయపెట్టేవాళ్లూ ఉన్నారు.

తెరవని ఫైలు

ఇన్విటేషన్ లెటరూ, ఖర్చులు మేం భరిస్తామని పిల్లలు రాసిచ్చే అఫిడవిట్ ఆఫ్ సపోర్టూ విజిటర్ వీసాకి అవసరం లేదని అమెరికా విదేశాంగ శాఖ తన వెబ్‌సైటులోనే రాసింది. తెచ్చుకున్నా, వీసా ఇవ్వాలా వద్దా అని తేల్చేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోరని కూడా అక్కడే ఉంది. అయినా మన దగ్గర ఇన్విటేషన్ లెటర్ లేకుండా ఎవరూ బయల్దేరరు. శుభలేఖ లేకుండా పెళ్లికి వెళ్లినట్టుంటుందేమో.

ఫైలు విషయంలో అసలు తికమక ఎక్కడంటే, డబ్బునీ బంధాన్నీ మనం ఒకటిగా చూస్తాం. ప్రయాణం ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నది ఒక ప్రశ్న. దానికి ఎఫ్‌డీలు జవాబు చెబుతాయి. తిరిగి ఎందుకు వస్తారన్నది రెండో ప్రశ్న. దానికి ఎఫ్‌డీ జవాబు చెప్పలేదు. నలభై లక్షల డిపాజిట్ ద్వారకానగర్ బ్రాంచిలో ఉన్నా, యజమాని డాలస్‌లో ఉన్నా, వడ్డీ అదే వస్తుంది. మధురవాడలో కొన్న స్థలమూ అంతే. దానికి మీ అవసరం లేదు. అదే పది నెలల సర్వీసు మిగిలిన ఉద్యోగానికీ, నడిపే కిరాణా కొట్టుకీ, వైద్యం చేయించాల్సిన పెద్దవాళ్లకీ మనిషి కావాలి. ఆస్తి అస్సలు పనికిరాదని కాదు. అది మనిషి స్థిరపడ్డాడని చూపిస్తుంది. కానీ ఒక్క దానితోనే అనుమానం తీరదు.

మరి ఫైలు చూడకుండా నిర్ణయిస్తే ఎలా అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి కాన్సులేట్ల వైపు నుంచి వచ్చే సమాధానం: డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో ఉన్న వివరాలు అధికారి ముందున్న తెరమీద ముందే ఉంటాయి. కాగితాలు ఎలాగైనా పుట్టించవచ్చు గనక మాటలకే ఎక్కువ బరువు ఇస్తారు. నకిలీ బ్యాంకు స్టేట్‌మెంట్లు తయారుచేసిపెట్టే ఏజెంట్లు మన మధ్యే ఉన్నప్పుడు ఈ వాదనని పూర్తిగా కాదనలేం. అదే సమయంలో, నిజాయితీగా పోగుచేసుకున్న కాగితాలు ఉన్న మనిషి, నాలుగు మాటలు సరిగ్గా చెప్పలేకపోయినందుకు నష్టపోతుందన్నదీ నిజమే. తొలిసారి ఒక విదేశీ అధికారి ముందు నిలబడే గృహిణికి, రోజూ కస్టమర్లతో మాట్లాడే వ్యాపారికీ ఈ పరీక్ష ఒకేలా ఉండదు.

"రిజెక్ట్" అనే ఒకే మాటలో దాగిన మూడు సంగతులు

మనం అన్నిటినీ రిజెక్ట్ అనే అంటాం. కాగితం మీదున్న సెక్షన్ నంబరు చూస్తే సంగతి మారిపోతుంది.

214బి గురించి పైన చెప్పుకున్నాం. ఈ దరఖాస్తు ఇక్కడితో ముగిసింది. కానీ నిషేధం లేదు. మళ్లీ వెయ్యడానికి ఇన్నాళ్లు ఆగాలన్న గడువూ లేదు. "ఐదేళ్లు ఆగాలి", "మూడుసార్లు అయితే ఇక బ్లాకే" అనేవి పుట్టించిన మాటలు.

221జి అంటే తలుపు సగం మూసినట్టు. ఏదో కాగితం తక్కువైందనో, మరికొంత పరిశీలన ఉందనో అర్థం. అడిగినవి ఇవ్వడానికి ఏడాది గడువుంటుంది. అది దాటితే మళ్లీ ఫీజు కట్టి మొదటి నుంచి. తమాషా ఏమిటంటే, ఆన్‌లైన్‌లో స్టేటస్ చూస్తే దీనికీ "రెఫ్యూజ్డ్" అనే కనబడుతుంది. అది చూసి ఇంట్లో అందరూ భోజనాలు మానేసిన సందర్భాలున్నాయి. తర్వాత వీసా వచ్చేసిన సందర్భాలూ ఉన్నాయి.

మూడోది 212ఎ. ఇది నిజంగా భయపడాల్సింది. అనర్హులని చట్టం చెప్పే జాబితా అంతా ఇందులో ఉంటుంది. గతంలో గడువు దాటి 180 రోజులకి పైగా అక్కడే ఉండిపోయి, ఏడాదిలోపు తమంతట తామే బయటికొస్తే మూడేళ్ల నిషేధం. ఏడాది, ఆపైన అలా ఉండి వస్తే పదేళ్లు. ముఖ్యమైన విషయంలో కావాలని అబద్ధం చెప్పినట్టు తేలితే జీవితాంతం అనర్హతే. వేవర్ అనే మినహాయింపు ఉంది గానీ అది వేరే తతంగం.

ఇక్కడ ఒక చిన్న ఉదాహరణ చాలు. డీఎస్-160లో అమెరికాలో దగ్గరి బంధువులెవరైనా ఉన్నారా అని అడుగుతారు. "ఇద్దరు పిల్లలూ అక్కడే ఉన్నారని రాస్తే ఇవ్వరండీ, లేరని పెట్టేద్దాం" అంటాడు ఫారం నింపేవాడు. పిల్లలున్నారని రాసినందుకు మహా అయితే 214బి వస్తుంది, వచ్చే ఏడాది మళ్లీ వెళ్లొచ్చు. లేరని రాసి దొరికిపోతే 212ఎ కిందికి వెళ్లే ప్రమాదం ఉంది. ఆ ఫారం నింపడానికి ఎవరైనా సాయం చేశారా అన్న ప్రశ్న కూడా అందులోనే ఉంటుంది. సంతకం మాత్రం అమ్మదే.

ఎవరో ఎప్పుడో వేసిన పిటిషన్ కూడా ఇలాగే మర్చిపోతుంటారు. అమెరికా పౌరుడైన అన్నయ్య పదేళ్ల కిందట చెల్లెలి కుటుంబానికి గ్రీన్‌కార్డు కోసం, తోబుట్టువులకి ఉద్దేశించిన ఎఫ్4 కేటగిరీలో వేశాడు. మనదేశం వాళ్లకి ఆ వరస పదిహేనేళ్లు దాటి సాగుతోంది. ఇంట్లో అందరూ దాన్ని మర్చిపోయారు. "మీ తరఫున ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా?" అని ఫారంలో వచ్చినప్పుడు లేదని కొట్టేస్తారు. రికార్డు మాత్రం మర్చిపోదు. నిజం రాస్తే "స్థిరపడే ఉద్దేశం ఉంది" అన్న అనుమానానికి బలం చేకూరుతుందన్నదీ వాస్తవమే. అలాంటి పిటిషన్ పెండింగులో ఉండి కూడా విజిటర్ వీసా తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

ఎవరికి చెప్పుకోవాలి?

ఎవరికీ చెప్పుకోలేం అన్నదే దాదాపు సరైన సమాధానం, అదే చాలామందికి మింగుడుపడనిది. 214బి మీద అప్పీలు లేదు. అమెరికా విదేశాంగ మంత్రికి ఎన్నో అధికారాలిచ్చిన అదే చట్టం, 104వ సెక్షన్‌లో ఒక్కదాన్ని మినహాయించింది: వీసా ఇవ్వడం, నిరాకరించడం కాన్సులర్ అధికారుల పని. కాబట్టి ఫలానావారితో చెప్పిస్తే పని అవుతుందన్న మన అలవాటు ఇక్కడ సాగదు.

కోర్టులూ అంతే. కాన్సులర్ అధికారి నిర్ణయంలో తాము తలదూర్చబోమని అమెరికా కోర్టులు చాలాకాలంగా అంటున్నాయి. 1972లో మాండెల్ కేసులో, పైకి సరైనదిగా కనబడే కారణం ఉంటే చాలు, దాని వెనక ఏముందో తవ్వబోమని సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూన్‌లో మునోజ్ కేసు వచ్చింది. అమెరికా పౌరురాలు తన భర్తకి వీసా నిరాకరించారని వెళ్లింది. భర్తని దేశంలోకి రప్పించుకోవడం ఆమెకి రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పౌరురాలి భర్త విషయమే అలా ఉంటే, హెచ్1బీ కూతురి తల్లి సంగతి వేరే చెప్పాలా?

అమ్మాయి ఉండే ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు నుంచి కాన్సులేట్‌కి విచారణ లేఖ రాయించుకోవడం మామూలే. సమాధానం వస్తుంది. 221జిలో నెలల తరబడి ఆగిపోయిన ఫైలు కదలడానికి అది ఉపయోగపడవచ్చు. 214బిని తిప్పేసే శక్తి దానికి లేదు.

దేవుడికి మాత్రం చెప్పుకోవచ్చు. హైదరాబాద్ దాకా వచ్చాం కదా అని చిలుకూరు వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చేవాళ్లు తక్కువేం కాదు. కోరిక తీరితే నూట ఎనిమిది.

ఇది అన్యాయమా? రెండు వైపుల మాట

అన్యాయమనేవాళ్ల వాదన బలమైనదే. ఒక మనిషి జీవితాన్ని రెండు నిమిషాల్లో అంచనా కట్టడం, కారణం చెప్పకపోవడం, అప్పీలు లేకపోవడం, ఫీజు తిరిగి ఇవ్వకపోవడం, ఈ నాలుగూ ఒకచోట చేరితే జవాబుదారీతనం ఎక్కడుంది అంటారు. ఒకే అపార్టుమెంటులో ఒకేలాంటి రెండు కుటుంబాలకి రెండు రకాల ఫలితాలు రావడం వాళ్లు చూపించే ఉదాహరణ. నిర్ణయం అధికారి ఊహ మీద నిలబడినప్పుడు ఆ ఊహలో వయసు, ఊరు, చదువు గురించిన అపోహలు చొరబడవని ఎవరు హామీ ఇస్తారు?

అటువైపు వాదన ఇది. అధికారి ఆ నియమాన్ని తయారుచేయలేదు. సందేహం ఉంటే నిరాకరించమని చట్టమే చెబుతోంది. ఒక్కో దరఖాస్తుకి అరగంట కేటాయించి, లిఖితపూర్వకంగా కారణాలిచ్చి, అప్పీళ్లు వింటే, వరస ఎంత పొడుగవుతుంది? కోవిడ్ తర్వాత, 2022లో, మన దేశంలోని కొన్ని చోట్ల విజిటర్ వీసా ఇంటర్వ్యూ కోసం రెండేళ్లకి పైగా ఎదురుచూడాల్సి వచ్చింది. పైగా 214బి శాశ్వతం కాదు గనక, మళ్లీ దరఖాస్తు పెట్టుకోవడమే ఒక రకం అప్పీలు అంటారు.

నాకు మొదటి వాదనలో కారణం చెప్పకపోవడం అన్న భాగం దగ్గర ఎక్కువ బరువు కనిపిస్తుంది. ఎందుకంటే మళ్లీ వెళ్లమంటారు, దేన్ని సరిచేసుకుని వెళ్లాలో చెప్పరు. ఆ ఖాళీలోనే కన్సల్టెన్సీల వ్యాపారం పెరుగుతుంది.

ఈ పని మిగతా దేశాలు వేరేగా చేస్తున్నాయి. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్‌లోని షెంగెన్ దేశాలు కారణాల ఫారంలో టిక్కు పెట్టి ఇస్తాయి, అప్పీలు హక్కు ఉంటుంది. బ్రిటన్ లేఖలో కారణాలు రాస్తుంది గానీ, బంధువుల్ని చూడ్డానికి వెళ్లేవాళ్లకి ఒకప్పుడున్న పూర్తి అప్పీలు హక్కుని 2013లో తీసేసింది. కెనడా నిర్ణయాన్ని సమీక్షించమని అడగడానికి అక్కడి ఫెడరల్ కోర్టు అనుమతి కోరవచ్చు. అంతేకాదు, అక్కడి పౌరుల, పర్మనెంట్ రెసిడెంట్ల తల్లిదండ్రుల కోసమే సూపర్ వీసా ఉంది, ఒకసారి వెళ్తే ఐదేళ్ల దాకా ఉండొచ్చు. కారణాలు చెప్పే దేశాల్లో తిరస్కరణలు లేవని కాదు. అక్కడ పోట్లాడ్డానికి కనీసం ఒక వాక్యం దొరుకుతుంది.

మళ్లీ ఎప్పుడు? ఎంవీపీ కాలనీ కుటుంబం ముందున్న లెక్క

దరఖాస్తు ఫీజు 2023 జూన్ నుంచి మనిషికి 185 డాలర్లు. రాకపోతే పోయినట్టే. తల్లి ఒక్కర్తే రెండోసారి వెళితే మొత్తం 370. ఈసారి తండ్రితో కలిసి వెళితే, మొదటిసారి పోయింది కలిపి 555. దీనికి రైలు టికెట్లు, రెండు మూడు రోజుల మకాం అదనం. ఒకప్పుడు 80 నిండినవాళ్లకి ఇంటర్వ్యూ మినహాయింపు ఉండేది. 2025 సెప్టెంబరు 2 నుంచి అది పోయింది. పాత బీ వీసా గడువు తీరి ఏడాది దాటకముందే రెన్యువల్ చేయించుకునేవాళ్లకి మాత్రం కొన్ని షరతులతో ఇంకా మినహాయింపు ఉంది. అంటే 82 ఏళ్ల తాతగారు తొలిసారి వెళ్లాలంటే విశాఖ నుంచి హైదరాబాద్ ప్రయాణం తప్పదు. అదే నెలలో వచ్చిన ఇంకో మార్పుతో, స్లాట్ త్వరగా దొరుకుతుందని వేరే దేశానికి వెళ్లి ఇంటర్వ్యూ ఇచ్చే దారి కూడా ఇరుకైపోయింది. సొంత దేశంలోనో, నివాసముంటున్న దేశంలోనో ఇంటర్వ్యూ ఇవ్వాలన్నది ఇప్పటి విధానం.

వెంటనే మళ్లీ వెళ్లాలనేవాళ్లు చెప్పేది: గడువేమీ లేదు, ఇంకో అధికారి రావచ్చు, ఈసారి మాటలు బాగా చెప్పొచ్చు. ఆగాలనేవాళ్లు చెప్పేది: మొదటి అధికారి రాసుకున్న నోట్సు రెండో అధికారి తెరమీద ఉంటుంది. వారం తిరక్కుండా అదే మనిషి, అదే కారణం, అదే ఆరు నెలలు అంటే, ఏం మారిందన్న మొదటి ప్రశ్నకే జవాబు ఉండదు. రెండూ వేర్వేరు రోగాలకి మందులు. పరిస్థితి బలంగానే ఉండి, భయంలో చెప్పలేకపోయినవాళ్లకి మొదటిది వర్తిస్తుంది. అమెరికాలో అక్క ఉన్న, ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలే అయిన, పెళ్లికాని 26 ఏళ్ల తమ్ముడికి వర్తించేది రెండోది. అతని విషయంలో మారాల్సినవి మాటలు కావు. కాలం గడవాలి.

మన ఎంవీపీ కాలనీ తల్లి ఈ రెండింటి మధ్యా ఉంది. చెప్పని సంగతులు చాలా ఉన్నాయి, వాటిని చెప్పొచ్చు. ఆరు నెలల్ని ఎనిమిది వారాలు చేసుకుంటే కథ మారుతుంది. కానీ మారిన ఆ గడువు నోటి మాటగా మిగిలితే నోట్సులో ఉన్న పాత ఆరు నెలలతో తగాదా వస్తుంది. ఇంకో మార్గం తండ్రి రిటైరయ్యాక ఇద్దరూ కలిసి వెళ్లడం. ఇది తేలిక అనుకుంటారు అందరూ. భార్యాభర్తలు ఇద్దరూ వెళితే, ఇద్దరు పిల్లలూ అక్కడే ఉంటే, తండ్రికి ఉద్యోగమూ లేకపోతే, వెనక్కి పిలిచేది ఇంకా తగ్గినట్టూ చూడొచ్చు. పెన్షన్‌తో స్థిరపడిన, తొందర లేని, ఊళ్లు చూసే వయసున్న జంటగానూ చూడొచ్చు. అధికారి ఏది చూస్తాడో ముందుగా చెప్పగలిగేవాళ్లు లేరు, ఎంత ఫీజు తీసుకున్నా.

ఏ దారిన వెళ్లినా ఫారంలో ఒక గడి మాత్రం మారిపోయింది. "గతంలో మీకు అమెరికా వీసా నిరాకరించారా?" అన్న దగ్గర ఆమె ఇకనుంచి ఎప్పుడూ "అవును" అనే పెట్టాలి. అబ్బాయి తర్వాత కెనడా వెళ్లి, అమ్మని అక్కడికి పిలిచినా, అక్కడి ఫారం కూడా ఇతర దేశాల తిరస్కరణల గురించి అడుగుతుంది. అవును అని రాసి వీసా తెచ్చుకున్నవాళ్లు లెక్కలేనంతమంది.

నవంబరుకి స్లాట్ దొరకలేదు. జనవరిలో ఒకటి కనబడింది. అప్పటికి పాపకి రెండు నెలలు దాటుతాయి. తండ్రి ఆఫీసు నుంచి వస్తూ ఆశీల్‌మెట్ట దగ్గర అమెరికాకి పచ్చళ్లు పంపే కొరియర్ ఆఫీసులో ఆగి, కాయం, శొంఠిపొడి పంపిస్తే ఎన్ని రోజుల్లో చేరతాయో, కిలోకి ఎంతో కనుక్కుని వచ్చాడు. తల్లి డైనింగ్ టేబుల్ మీద ఫైలు విప్పి, ఎఫ్‌డీ కాగితాలు తీసి బీరువాలో పెట్టేసింది. అమ్మాయి ఫోన్‌లో అడుగుతోంది: "అమ్మా, రోజంతా నువ్వు ఏమేం చేస్తావో ఒకసారి వరసగా చెప్పు, నేను రాసుకుంటాను."